వెంకటస్వామి ఏ ఊరివాడు? ఒక నాటాల్ కేసు

ఈ కేసు నా దగ్గరికి వచ్చేసరికే పూర్తయిపోయింది. పూర్తయిందని వాళ్ళు అనుకున్నారు. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో టీచరుగా చేసి రిటైరైన ఒకావిడ వీడియో కాల్‌లో కూర్చుని, ప్లాస్టిక్ కవర్లలో భద్రంగా పెట్టిన కాగితాలు ఒక్కొక్కటే కెమెరాకి చూపించారు. నాలుగు తరాల వంశవృక్షం. పాత ఓడ జాబితాలోంచి తీసిన ఒక పేజీ నకలు. విశాఖపట్నం వైపు ఒక పల్లెలో, గుడి ముందు, మెడలో దండతో దిగిన ఫోటో. రెండేళ్ళ కిందట స్వయంగా వచ్చి చూసి వెళ్ళారట. "అంతా అయింది సార్, ఆ ఊళ్ళో మా ముత్తాత వాళ్ళ భూమి ఏదో చూపిస్తే చాలు" అన్నారు.

నేను రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైనవాణ్ణి. అడంగళ్ళు, ఎఫ్‌ఎంబీలు, చెదలు తిన్న పాత రిజిస్టర్లు, అంటే పొలాల సాగు లెక్కలూ కొలతల పుస్తకాలూ, చూసీ చూసీ, పూర్వీకుల ఊళ్ళు వెతికే ఈ పనిలోకి వచ్చాను. భూమి వెతకడం నాకు అలవాటే. కానీ భూమికి ముందు మనిషి తేలాలి. ఆవిడ నాకంటే మూడేళ్ళు పెద్ద, అందుకని అక్కా అనే పిలిచేవాణ్ణి. "ఈ పేజీలో ఉన్నాయనే మీ ముత్తాత అని ఎలా తెలిసింది అక్కా?" అని అడిగాను.

"పేరు కలిసింది కదా."

"ఇంకేం కలిసింది?"

"మావాళ్ళు వైజాగ్ నుంచి వచ్చారని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఈయనదీ వైజాగే."

ముత్తాత అసలు పేరు ఇక్కడ రాయను. వెంకటస్వామి అనుకుందాం. ఆయన తండ్రిని గుర్రప్ప అనుకుందాం. ఊళ్ళ పేర్లూ చెప్పను, వాళ్ళ మనుషులు ఇంకా ఆ ఊళ్ళల్లో ఉన్నారు.

ట్రూరో ఎక్కింది ఎవరు

నాటాల్ అంటే డర్బన్ ఉన్న అప్పటి బ్రిటిషు వలసరాజ్యం. దాని సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. చెరకు తోటల్లో కూలీ చేయడానికి ఐదేళ్ళ ఒప్పందం మీద మనవాళ్ళను అక్కడికి తీసుకెళ్ళారు. మొదటి ఓడ ట్రూరో, మద్రాసు నుంచి 342 మందితో బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. మధ్యలో 1866 నుంచి 1874 దాకా ఆగి, మళ్ళీ మొదలై, 1911లో ఆగిపోయేదాకా 1,52,184 మంది వెళ్ళారు. అందులో మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు.

వెళ్ళిన ప్రతి మనిషికీ ఒక నెంబరు ఇచ్చారు. చంకలో బిడ్డకి కూడా. ఓడలు వచ్చిన వరసలోనే నెంబర్లు నడుస్తాయి. నెంబరుతో పాటు పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు రాసుకున్నారు. కూలినాలి జనం గురించి ఇంత వివరంగా రాసిన రికార్డు మన దగ్గర అరుదు. జమీందారుకి కైఫీయతు ఉంటుంది, ఇనాందారుకి ఇనాం రిజిస్టరు ఉంటుంది. పొలంలో కలుపు తీసినవాడి మోకాలి మీద మచ్చ సహా రాసిపెట్టింది ఈ ఓడ జాబితాల్లోనే. ఎంత అవమానకరంగా రాసినా, రాశారు.

ఇక అక్కగారి వంశవృక్షంలో ముత్తాత పేరు కింద ఎర్ర సిరాతో 'ట్రూరో, 1860' అని ఉంది. దాని పక్కనే పిన్ను కొట్టిన పేజీ 1880లలో వచ్చిన ఓడది. ట్రూరోలో వచ్చినవాళ్ళయితే నెంబరు మూడంకెలు దాటకూడదు. ఈ పేజీలో ఐదంకెలున్నాయి. ఇన్నాళ్ళూ ఆ రెండు కాగితాలూ ఒకే ఫైల్లో పక్కపక్కనే ఉన్నాయి, ఎవరూ రెంటినీ కలిపి చూడలేదు. ఇందులో ఆవిడను తప్పుపట్టను. అక్కడ దాదాపు ప్రతి కుటుంబమూ మేం ట్రూరోలో వచ్చామనే చెప్పుకుంటుంది. అన్ని కుటుంబాలూ నిజంగా ఎక్కి ఉంటే ఆ ఓడ మద్రాసు రేవులోనే మునిగిపోయేది.

నాకు అంతకంటే ఎక్కువగా అడ్డుపడింది ఇంకో విషయం. ఆ నకల్లో పేజీ ఎడమ సగమే ఉంది. పట్టీలో పేరు, తండ్రి పేరు, జిల్లా దాకా ఉండి అక్కడ తెగిపోయింది. కుడి పక్క ఏముంది? తీసిచ్చినవాళ్ళు ఇంతే ఇచ్చారన్నారు. ఆవిడ మేనకోడలు పూర్తి పట్టీ తెప్పించడానికి మూడు వారాలు పట్టింది. చివరి గడిలో వేరే చేతివ్రాతలో, వేరే సిరాతో, పదేళ్ళు కూడా గడవకముందే ఆ మనిషి ఇండియాకి తిరిగి వెళ్ళిపోయినట్టు రాసి ఉంది.

అక్కగారి నాన్నమ్మ, అంటే వెంకటస్వామి కూతురు, 1905లో నాటాల్‌లో పుట్టింది. 1890లలోనే తిరిగొచ్చేసిన మనిషికి 1905లో అక్కడ కూతురు పుట్టదు.

ఇది చెప్పడానికి ఫోన్ చేసేముందు నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది. ఊళ్ళో వాళ్ళు ఆవిడను చుట్టంగా చేర్చుకున్నారు, చీర పెట్టారు. ఆ రోజు తీసిన వీడియో ఉంటే పంపమన్నాను. చూస్తే, రచ్చబండ మీద ఒక ముసలాయన మాట్లాడుతున్నాడు. చుట్టూ పిల్లల గోల. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. "మా తాతకి అన్నగారు. దూరదేశం ఎల్లినాడు, మరి వచ్చీసినాడు." అక్కగారికి తెలుగు కొంత వచ్చు కానీ ఆ యాస అందలేదు. పక్కన ఇంగ్లీషులో చెబుతున్న కుర్రాడు 'ఎల్లినాడు' వరకే చెప్పి వదిలేశాడు. ముసలాయన అబద్ధమాడలేదు. వాళ్ళ వెంకటస్వామి వెళ్ళిన మాట నిజం, వచ్చిన మాటా నిజం. ఆయన ఈవిడ వెంకటస్వామి కాదు, అంతే.

జేజి

విన్నాక ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా జేజి ఉండుంటే చెప్పేది" అన్నారు.

నేను చిత్తూరు వాణ్ణి. ఆ మాట చెవిన పడగానే నిటారుగా కూర్చున్నాను. నాన్నమ్మని జేజి అనేది మా వైపు, సీమ జిల్లాల్లో. విశాఖపట్నం వైపు అనరు. ఇంతకుముందు ఆవిడ మాటల్లో పెరటాసి నెల శనివారాలు, గంగమ్మ పూజ వచ్చాయి కానీ వాటిని నేను పట్టించుకోలేదు. డర్బన్‌లో తమిళులూ తెలుగువాళ్ళూ నూట అరవై ఏళ్ళుగా కలిసి ఉన్నారు, పెరటాసి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పలేం. జేజి తమిళం కాదు. పక్కింటి నుంచి అరువు తెచ్చుకునే మాటా కాదు.

అలాగని దాన్ని సాక్ష్యం అనుకోవడానికీ లేదు. నాన్నమ్మని ఏమని పిలవాలో నాన్న వాళ్ళింట్లో అలవాటును బట్టి ఉంటుంది. జేజి అన్న మాట ఆవిడ తాత వైపు నుంచి వచ్చి ఉండవచ్చు, జేజికి వాళ్ళ నాన్న దగ్గర నుంచీ వచ్చి ఉండవచ్చు. నా నోటుబుక్కులో ప్రతి విషయం పక్కనా ఖాయం, బహుశా, ఊహ అని మూడింట్లో ఒకటి రాసుకుంటాను. దీనికి ఊహ అని రాశాను. కానీ ఎక్కడ వెతకాలో చెప్పింది ఆ ఊహే.

ఇంటిపేరు దొరికితే పని సులువయ్యేది. తాతగారి ఇంటిపేరు పెళ్ళిళ్ళలో పంతులు అడుగుతాడు కాబట్టి వాళ్ళకి గుర్తుంది. జేజి పుట్టింటి ఇంటిపేరు ఎవరికీ తెలియదు. అక్కడ మొదట వెళ్ళినవాడి పేరే తర్వాతి తరాలకి సర్‌నేమ్ అయి కూర్చుంది. అసలు ఇంటిపేరు ఓడ జాబితాలో లేదు, దానికి గడే లేదు.

చావు నుంచి వెనక్కి

ఇలాంటి కేసుల్లో అందరూ ఓడ దగ్గర మొదలుపెడతారు. అక్కడ వేల మంది వెంకటస్వాములున్నారు. నేను చావు దగ్గర మొదలుపెడతాను. మనిషి చనిపోయే నాటికి అతని చుట్టూ పిల్లలుంటారు, ఆస్తి ఉంటుంది, తగాదాలుంటాయి. కాగితం పుట్టేది అక్కడే.

వెంకటస్వామి ఒప్పందం తీరాక కూరగాయల తోట పెట్టుకున్నాడని కుటుంబంలో అందరూ చెబుతున్నారు. కొంత భూమి కొన్నాడట కూడా. ఆస్తి ఉంటే ఎస్టేట్ ఫైలు, అంటే పోయినవాడి ఆస్తి పంపకాల ఫైలు, ఉంటుంది. నాటాల్ ఎస్టేట్ ఫైళ్ళు పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వాటి సూచిక ఆన్‌లైన్‌లో వెతకవచ్చు. స్కాన్ చేసినవి చాలా వంశవృక్షాల వెబ్‌సైటైన ఫ్యామిలీసెర్చ్‌లో కూడా ఉన్నాయి. పేరుకి ఎన్ని స్పెల్లింగులు ఉండగలవో అన్నీ వరసగా కొట్టుకుంటూ పోయాను. పదకొండో స్పెల్లింగుకి దొరికింది.

1936 నాటి ఫైలు. అందులో మనకి పనికొచ్చేది డెత్ నోటీసు, ఒక్క కాగితం. పుట్టిన చోటు: మద్రాసు. ఇది చూసి మద్రాసు నగరం అనుకుని అక్కడ వెతికినవాళ్ళున్నారు. మద్రాసు అంటే ఓడ ఎక్కిన రేవు, లేదా ప్రెసిడెన్సీ. గంజాం నుంచి తిరునెల్వేలి దాకా ఎక్కడైనా కావచ్చు. వయసు: సుమారు 65. తండ్రి: గూరప్ప. తల్లి: తెలియదు. వివరాలు చెప్పింది పెద్దకొడుకు, వేలిముద్ర వేశాడు. పిల్లల జాబితాలో ఏడు పేర్లు, నాలుగోది జేజి పేరు, పక్కనే ఆమె భర్త పేరు. ఆ భర్త అక్కగారి తాత. అంటే ఈ వెంకటస్వామి మనవాడే. దీనికి ఖాయం అని రాశాను.

ఇప్పుడు నెంబరు కావాలి. పేరు చెప్పినవాడి నోట్లో ఒకలా ఉంటుంది, రాసినవాడి చెవిలో ఇంకోలా ఉంటుంది. నెంబరు అలా కాదు, మనిషిని జీవితాంతం వదలదు. పెళ్ళి రిజిస్టర్లో, పాసులో, పిల్లల పుట్టుక నమోదులో అన్నిటా వేసేవారు. ఇంట్లో పాత పెట్టెలో ఏదైనా ఉందా అని అడిగితే, జాతుల వారీగా నివాసాలు విడదీసిన గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఇళ్ళు ఖాళీ చేయించి చాట్స్‌వర్త్‌కి పంపినప్పుడు పెట్టెలన్నీ పోయాయన్నారు. డర్బన్ కుటుంబాల్లో ఇది చాలాసార్లు విన్నాను. చివరికి జేజి పుట్టుక నమోదు నకలు తెప్పించాం. 1905. తండ్రి నెంబరు, తల్లి నెంబరు రెండూ ఉన్నాయి.

తండ్రి నెంబరులో మూడో అంకె మీద సిరా అలుక్కుంది. మూడు కావచ్చు, ఎనిమిది కావచ్చు. స్కాన్‌ని ఎంత పెద్దది చేసినా తేలలేదు. ఆ గుమాస్తా అదే కాగితంలో ఇంకెక్కడైనా ఎనిమిది వేశాడా అని చూశాను. తారీఖులో ఉంది. అతని ఎనిమిది కింది సున్నా కంటే పై సున్నా చిన్నది, కుడి పక్క కొంచెం తెరుచుకుని ఉంటుంది. అలుక్కున్న అంకె కూడా అలాగే ఉంది అనిపించింది. అయినా రెండు నెంబర్లూ తెరిచాం. మూడుతో చూస్తే నాలుగేళ్ళ ఆడపిల్ల. ఆ పాపని పక్కన పెట్టి ఎనిమిదితో చూశాం.

వెంగడసామి. తండ్రి గొరప్పా. వయసు 22. జిల్లా నార్త్ ఆర్కాట్. తాలూకా చెంద్రగెర్రి. కుడి మోకాలి మీద మచ్చ.

ఈ వరసను ఇంకోసారి నెమ్మదిగా చదవాలి. తెలుగువాడు వెంకటస్వామి అని చెప్పాడు. ఓడ ఎక్కేముందు కూలీలను ఉంచే మద్రాసు డిపోలో పేరు పలికిన తమిళ నోట్లో అది వెంగడసామి అయింది. తమిళ లిపిలో 'క'కీ 'గ'కీ ఒకటే అక్షరం, 'ట'కీ 'డ'కీ ఒకటే. దాన్ని ఇంగ్లీషులో రాసినవాడు తనకి వినిపించింది రాశాడు. గుర్రప్పలో రెండు 'ర'లు విడిగా వినిపించలేదు. గొరప్పా ఇక్కడ, గూరప్ప అక్కడ. ముప్పై ఎనిమిదేళ్ళ తేడాతో ఇద్దరు వేర్వేరు గుమాస్తాలు ఒకే పేరును రెండు రకాలుగా చెడగొట్టారు. వాళ్ళు ఒకేలా చెడగొట్టి ఉంటే ఒకడిది చూసి ఇంకొకడు రాశాడేమో అని నాకు అనుమానం వచ్చేది.

వయసులు కలవవు. 1936లో 65 అంటే 1871లో పుట్టాలి, ఓడ జాబితా ప్రకారం 1876 ప్రాంతం. ఇలాంటి ఐదేళ్ళ తేడాకి నేను నిద్ర పాడుచేసుకోను. ఆ రోజుల్లో వయసు మనిషిని చూసి వేసేవారు. పైగా డిపోలో ఎవరైనా ఒకటి రెండు తగ్గించి చెబుతారే కానీ పెంచి చెప్పరు, కుర్రవాణ్ణయితే తీసుకుంటారు కదా.

కులం గడిలో ఏముందో అక్కగారికి చెప్పాను. ఆవిడ ఇంతకాలం వేరేది అనుకున్నారు. ఇక్కడ రాయొద్దన్నారు.

చంద్రగిరి ఏ జిల్లా

నార్త్ ఆర్కాట్ అనగానే ఆవిడ, "అయితే మేం తమిళులమా?" అని అడిగారు. గొంతులో కొంచెం కంగారు. డర్బన్‌లో 1931 నుంచి ఆంధ్ర మహాసభ ఉంది, వాళ్ళ నాన్న దాంట్లో తిరిగిన మనిషి. కంగారు సహజం.

కాదని చెప్పాను. ఇప్పుడు మనం చిత్తూరు అంటున్నదాంట్లో చాలా భాగం అప్పుడు నార్త్ ఆర్కాట్ జిల్లా, చిత్తూరే దాని ముఖ్యపట్టణం. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు నార్త్ ఆర్కాట్ నుంచి, మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి తీసి, కొన్ని జమీందారీలు కలిపి చిత్తూరు జిల్లా చేశారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022లో జిల్లాలు మళ్ళీ మార్చినప్పుడు చంద్రగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. వెంకటస్వామి ఎక్కడా కదలకుండా ఇంట్లోనే ఉండి ఉంటే కూడా ఆయన వంశం మూడు జిల్లాలు మారేది. తిరుత్తణి వైపు వాళ్ళ కేసులయితే ఇంకా చిక్కు, అది 1960లో చిత్తూరు నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళిపోయింది.

కనుక నార్త్ ఆర్కాట్ అని చూసి తమిళనాడులో వెతకబోయేవాళ్ళు, తాలూకా గడి చదివేదాకా ఆగాలి.

ఇక ఊరు. ఆ గడిలో ఉన్నది ఏ ఊరి పేరూ కాదు. ఇంగ్లీషు అక్షరాలు తొమ్మిది, చివరి నాలుగూ 'పల్లి' అని అర్థమవుతుంది. మొదటి భాగాన్ని నాలుగు రకాలుగా చదవచ్చు. చదవడం మానేసి పైకి పలకడం మొదలుపెట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి, "ఏ ఊరికి పిలుస్తున్నారు మిమ్మల్ని?" అంది. పలికేటప్పుడు తమిళంవాడిలా, తర్వాత తమిళం రాని దొరలా పలకాలి. చివరి పల్లిని పల్లె చేసుకోవాలి. అలా పాత చంద్రగిరి తాలూకా ఊళ్ళ జాబితాలో ఒక పేరు సరిపోయింది.

నా ముప్పై ఏళ్ళ సర్వీసు అడ్డుపడింది అక్కడే, అక్కరకొచ్చిందీ అక్కడే. రెవెన్యూ గ్రామం వేరు, జనం ఉండే పల్లె వేరు. ఒక రెవెన్యూ గ్రామం కింద పది పదిహేను మజరాలు ఉంటాయి మా వైపు. నీ ఊరేది అంటే మనిషి తన పల్లె పేరు చెబుతాడు, రెవెన్యూ గ్రామం పేరు చెప్పడు. జాబితాలో దొరికిన పేరు చూసి సంతోషపడి ఊరుకోబోయాను. తర్వాత ఓటర్ల జాబితాలు తిరగేస్తే అదే పేరుతో రెండు మజరాలు, కొంచెం తేడాతో ఇంకొకటి బయటపడ్డాయి, మొత్తం నాలుగు. మజరాల్లో ఒకటి రిజర్వాయరు కింద పోయి పక్కనే కొత్తగా కట్టుకున్నది, పేరు మాత్రం పాతదే.

నాలుగింటికీ వెళ్ళాను. తండ్రి గుర్రప్ప పేరు మీద పట్టా ఏదైనా ఉందేమోనని బ్రిటిషు కాలం సెటిల్‌మెంట్ రిజిస్టర్లు, మేం డైగ్లాట్ అంటాం, దొరికినంత మేరకు చూశాను. ఇంగ్లీషులో ఒకసారి, దేశభాషలో ఒకసారి రాసి ఉంటుంది కాబట్టి ఆ పేరు. అన్నీ దొరకలేదు. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయినప్పుడు చేతులు మారిన రికార్డుల్లో చాలా వాటికి ఆ తర్వాత ఆచూకీ లేదు. ఒక ఆఫీసులో నన్ను మూడు రోజులు తిప్పుకుని, చివరికి ఆ సంపుటం అట్ట మాత్రం చూపించారు, లోపల ఏమీ లేదు. నేను అదే శాఖలో చేసినవాణ్ణి, ఎవరిని తిట్టాలి.

దొరికిన వాటిలో ఒక ఊళ్ళో గుర్రప్ప ఉన్నాడు. మెట్ట, ఎకరంన్నర చిల్లర. చూడగానే గుండె కొట్టుకుంది, దాచను. కానీ గుర్రప్ప అన్నది మా వైపు అరుదైన పేరు కాదు. అతని తండ్రి పేరు రిజిస్టర్లో ఉంది, వెంకటస్వామి తాత పేరు మాకు తెలియదు. కలపడానికి రెండో కొస లేదు. పైగా ఎకరంన్నర పట్టా ఉన్నవాడి కొడుకు ఓడ ఎక్కడా అంటే ఎక్కవచ్చు, అప్పులో ఉంటే. భూమి లేనివాడి కొడుకు అయ్యుంటే ఈ రిజిస్టర్లలో అసలు ఉండనే ఉండడు. చాలామంది ఉండరు. పట్టాదారు కాలమ్‌లో పేరు లేనంత మాత్రాన ఆ ఊళ్ళో మనిషి లేడని కాదు.

తాలూకాకి ఖాయం అని రాశాను. ఊరికి బహుశా. ఆ ఎకరంన్నరకి ఊహ.

అక్కగారికి నచ్చలేదు. "ఇంత దూరం వచ్చి, ఏ ఇల్లో చెప్పలేరా?" అన్నారు. చెప్పలేనన్నాను. కావాలంటే ఒక ఇల్లు చూపించగలను, వాళ్ళు దండ కూడా వేస్తారు, కిందటిసారి అదే కదా అయింది అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వారం రోజులు ఫోన్ చేయలేదావిడ.

రెండో నెంబరు

ఆ వారంలో నేను చేసిన పని మొదటి రోజే చేయాల్సింది. పుట్టుక నమోదులో తల్లి నెంబరు కూడా ఉందని చెప్పాను కదా. దాన్ని నేను తెరవలేదు. ఆవిడ అడిగింది ముత్తాత గురించి, నేను వెతికింది ముత్తాతని. కుటుంబంలో ఎవరూ ముత్తవ్వ గురించి ఒక్క మాట చెప్పలేదు, నేను అడగనూ లేదు.

తెరిచాను. వేరే ఓడ, వేరే ఏడాది. వయసు 19. ఒంటరిగా వచ్చింది. ఆ వరసకి ముందూ వెనకా ఆమె మనుషులెవరూ లేరు. ప్రతి వంద మంది మగవాళ్ళకీ నలభై మంది ఆడవాళ్ళు ఉండాలని నియమం, అందుకని ఒంటరి ఆడవాళ్ళను కూడా చేర్చుకునేవారు. ఎవరికి ఏ కష్టం వచ్చి డిపో దాకా నడిచారో జాబితాకి అక్కరలేదు, రాయలేదు.

జిల్లా గడిలో: వైజాగపటం.

చిన్నప్పటి నుంచి వింటున్న మాట తప్పు కాదు. మావాళ్ళు వైజాగ్ నుంచి వచ్చారు అని జేజి చెప్పినప్పుడు వాళ్ళమ్మ గురించి చెప్పింది. విన్నవాళ్ళు ముత్తాతకి తగిలించారు, ఎందుకంటే వంశం అంటే ఆయనదే అని లెక్క. తర్వాత ఎవరో జాబితాలో వైజాగ్ వెంకటస్వామి కోసం వెతికారు, దొరికాడు. అడిగితే దొరక్కపోవడమేముంది, అందరూ ఉన్నారు అందులో.

ఈసారి నేనే ఫోన్ చేశాను. పట్టీ స్క్రీన్ మీద పెట్టి, వేలితో గడులు చూపిస్తూ చదివాను. ఆవిడ అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పేరు తానే పైకి చదివారు. ముత్తవ్వ పేరు ఆవిడకి అప్పటిదాకా తెలియదు. డెత్ నోటీసులో కూడా భార్య ముందే చనిపోయింది అని మాత్రమే ఉంది, పేరు లేదు.

"ఊరు ఉందా?" అన్నారు.

ఉంది. ఇది వెంకటస్వామి ఊరి కంటే తేటగా చదవడానికి వస్తోంది. ఆవిడ దండ వేయించుకున్న పల్లె కాదు, అక్కడికి దూరమే.

"ఆ ముసలాయన వాళ్ళకి సంక్రాంతికి ఫోన్ చేస్తున్నాను ఏటా, ఇప్పుడేం చెప్పను?" అన్నారు కాసేపాగి. నాకేం తెలుసు, మానొద్దు అన్నాను. నవ్వారు.

వంశవృక్షం మళ్ళీ గీయమన్నారు. పైన ఒకరు కాదు, ఇద్దరు ఉండాలన్నారు, ముత్తవ్వ ఎడం వైపు, ముందు. ఇంతకీ ఆవిడ ఓడే ముందు వచ్చింది, వెంకటస్వామి కంటే రెండేళ్ళు ముందు. ట్రూరో అన్న ఎర్ర సిరా మాత్రం తీసేయనివ్వలేదు, దాని మీద ఒక గీత కొట్టి ఉంచమన్నారు, నాన్న చేతివ్రాత అట అది.

కొత్త ఫైలు తెరిచాం. ఉత్తరాంధ్ర యాస తెలిసిన మిత్రుడొకాయన ఉన్నాడు, ఊరి పేరు ఆయన చేత పలికించాలి. ఆ వైపు మజరాల లెక్క నాకు తెలియదు.